18446744073709551615: మైనస్ ఒకటి, చదరంగం పద్యం, 641

మీరు రాసింది పొడవుగా ఉంది కాబట్టి ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. సి ప్రోగ్రాంలో 64 బిట్ల అన్‌సైన్డ్ వేరియబుల్‌లో, అంటే మైనస్ సంఖ్యలకు చోటు లేని గడిలో, మైనస్ ఒకటి పెట్టి ప్రింట్ చేస్తే 18446744073709551615 వచ్చింది. కథలో రాజుగారు చదరంగం బల్ల మీద గడి గడికీ రెట్టిస్తూ ఇవ్వాల్సిన గింజల లెక్క కూడా ఇదే సంఖ్య అని ఎవరో చెప్పారు. మీ నాన్నగారు చిన్నప్పుడు కంఠతా పట్టించిన పద్యం ఆ గింజల లెక్కే. నాన్నగారు అందులో ‘శర సాగర’ అని చదివేవారు, మీ మామయ్యగారు ‘శర సాయక’ అంటారు. ఈ సంఖ్య ప్రధాన సంఖ్యా, కాకపోతే దాని కారణాంకాలేమిటి, కాలిక్యులేటర్ లేకుండా తేల్చగలమా, జ్యామితితో దీనికి సంబంధం ఉందా, పద్యంలో ఎవరి పాఠం సరైనది. ఇవీ ప్రశ్నలు. నేను చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు నంబర్ థియరీ చెప్పాను. ఈ సంఖ్యను బోర్డు మీద ఎన్నిసార్లు విడగొట్టానో లెక్కలేదు, ఇప్పటికీ విసుగు రాలేదు.

ప్రధాన సంఖ్య కాదు. చివర 5 ఉంది కదా, అక్కడే తేలిపోయింది. ఇరవై అంకెలు చూసి కంగారుపడి ఆ చివరి 5ను గమనించనివాళ్లు చాలామంది ఉంటారు, మీరొక్కరే కాదు. పూర్తిగా విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం వస్తుంది. ఏదీ రెండోసారి రాదు. ఏడూ వేర్వేరు కాబట్టి భాజకాలు 2⁷, అంటే 128. ఇది కాలిక్యులేటర్ లేకుండా ఒక మధ్యాహ్నంలో చేతితో తేల్చగలిగిన పని.

దానికి ముందు ఒక జాగ్రత్త. ఈ సంఖ్యను ఎక్సెల్‌లో టైప్ చేయకండి. అది పదిహేను అంకెలే గుర్తుపెట్టుకుని మిగతావి సున్నాలు చేసేస్తుంది. జావాస్క్రిప్ట్ అయితే 18446744073709552000 అని చూపిస్తుంది. నా దగ్గర చదివిన ఒక కుర్రాడు అలా వచ్చిన సంఖ్యను పట్టుకుని ‘ఇది వెయ్యితో భాగించబడుతుంది కదా సార్’ అని అరగంట వాదించాడు. వాడి తర్కంలో తప్పు లేదు, చేతిలో ఉన్న సంఖ్యే వేరు. పైథాన్‌లో పూర్ణాంకంగా ఉంచితే ఇబ్బంది లేదు. కాగితం మీద అయితే అసలే లేదు.

మైనస్ ఒకటి ఇలా ఎందుకు కనిపించిందో చూద్దాం. పాత స్కూటర్ మీటరు 00000 దగ్గర ఉండగా ఒక కిలోమీటరు వెనక్కి తిప్పగలిగితే ఏం చూపిస్తుంది? 99999. కంప్యూటర్‌లో మీ వేరియబుల్ కూడా అలాంటి మీటరే, కాకపోతే 64 చక్రాలు, ఒక్కో చక్రం మీద 0, 1 మాత్రమే. ఆ చక్రాలనే బిట్లంటారు. సున్నా నుంచి ఒకటి వెనక్కి పోతే అన్ని చక్రాల మీదా 1 పడుతుంది. 64 ఒకట్లు. కుడి నుంచి మొదటి చక్రం విలువ 1, తర్వాత 2, తర్వాత 4, అలా రెట్టిస్తూ పోతుంది. చదరంగం బల్ల చూడండి. 64 గళ్లు, మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు. అన్ని గళ్లలోనూ గింజలు పోసేశాం అంటే అన్ని బిట్లూ 1 అయ్యాయన్న మాటే. మీకు కాకతాళీయంగా అనిపించింది కానీ లెక్క ఒక్కటే, గింజల చోట బిట్లు వచ్చాయి, అంతే. మొత్తం ఎప్పుడూ తర్వాతి గడిలో పడాల్సినదాని కన్నా ఒకటి తక్కువ ఉంటుంది కాబట్టి సంఖ్య 2⁶⁴ − 1.

మన లెక్కలో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, పైన చిల్లర. వెయ్యి బియ్యపు గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే ఇది సుమారు 36,900 కోట్ల టన్నులు. ఏడాదికి ప్రపంచమంతా కలిపి పండే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. ఏడు వందల ఏళ్ల పంట ఆ బల్ల మీద పోయాలి.

ఇక విడగొట్టడం. మామూలు పదుల లెక్కలో 99999999 తీసుకోండి. దాన్ని చూడగానే 9999 × 10001 అని చెప్పవచ్చు, ఎందుకంటే నాలుగు తొమ్మిదులు ఒకసారి, నాలుగు స్థానాలు జరిపి ఇంకోసారి. 9999 మళ్లీ 99 × 101. 99 మళ్లీ 9 × 11. మన 64 ఒకట్లను కూడా ఇలాగే సగానికి సగం కోసుకుంటూ పోవచ్చు. 2⁶⁴ − 1 అంటే (2³² − 1)(2³² + 1). ఎడమవైపుది మళ్లీ (2¹⁶ − 1)(2¹⁶ + 1). అలా కోస్తూ పోతే చివరికి ఎడమవైపు 2 − 1, అంటే 1 మిగులుతుంది, కుడివైపు ఆరు ముక్కలు పోగుపడతాయి: 3, 5, 17, 257, 65537, 4294967297. స్కూల్లో నేర్చుకున్న వర్గాల భేదం సూత్రం తప్ప ఇంకేమీ వాడలేదు.

ఈ ఆరింటినీ ఫెర్మా అనే ఫ్రెంచి గణితజ్ఞుడి పేరు మీద ఫెర్మా సంఖ్యలంటారు. వీటిలో ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు. ఈ సంగతిని గోల్డ్‌బాక్ అనే గణితజ్ఞుడు 1730లో ఇంకో గణితజ్ఞుడు ఆయిలర్‌కు రాసిన ఉత్తరంలో చూపించాడు, నిరూపణ ఒక్క వాక్యం. ముందున్న అన్నింటినీ గుణించి 2 కలిపితే తర్వాతిది వస్తుంది. కావాలంటే చూడండి: 3 × 5 × 17 × 257 × 65537 = 4294967295, రెండు కలిపితే 4294967297. ఏదైనా సంఖ్య ఇద్దరికీ ఉమ్మడిగా ఉంటే అది ఆ 2ను కూడా భాగించాలి, కానీ ఇవన్నీ బేసి సంఖ్యలు. కాబట్టి కుదరదు. కారణాంకాలేవీ రెండోసారి రావని పైన ఎందుకన్నానో ఇందులోనే చాలావరకు ఉంది.

మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. ఆరోది మాత్రం ఫెర్మా అంతటివాణ్ణి పడగొట్టింది. ఇలాంటి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని ఆయన 1640 ప్రాంతంలో ఉత్తరాల్లో రాశాడు. 4294967297ను ఆయన చేతితో తేల్చలేదు. దాని వర్గమూలం 65536 పైచిలుకు. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలు ఆరు వేల పైనే. అన్నింటితో భాగహారం చేస్తూ కూర్చోవడం ఎవరికైనా విసుగే.

4294967297 ప్రధాన సంఖ్య కాదని 1732లో ఆయిలర్ ప్రకటించాడు, అన్నింటితోనూ భాగించాల్సిన అవసరం లేదని తర్వాత చూపించాడు. నాకు మొత్తం కథలో నచ్చే చోటు ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. 4294967297ను ఏదో ఒక ప్రధాన సంఖ్య ‘ప’ నిశ్శేషంగా భాగిస్తుందనుకుందాం. 2ను మళ్లీ మళ్లీ రెట్టిస్తూ, ప్రతిసారీ ‘ప’తో భాగించి శేషం మాత్రమే ఉంచుకుంటూ పోండి. 2³² దగ్గరికి వచ్చేసరికి శేషం −1 (అంటే ‘ప’ కన్నా ఒకటి తక్కువ) అవుతుంది, ఎందుకంటే 2³² + 1ను ‘ప’ భాగిస్తుందని కదా అనుకున్నాం. 2⁶⁴ దగ్గర దాని వర్గం, అంటే +1. శేషాలు మళ్లీ మొదటికొచ్చాయి. అంటే 2 రెట్టింపుల గడియారం ‘ప’ మీద సరిగ్గా 64 అడుగులకు ఒక చుట్టు తిరుగుతుంది. అంతకన్నా ముందే తిరిగితే 32వ అడుగులో −1 వచ్చే వీలే లేదు. ఇంకోవైపు ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ప − 1 అడుగులకు శేషం తప్పకుండా 1 అవుతుంది. కాబట్టి 64 అడుగుల చుట్లు ప − 1లో పూర్తిగా ఇమడాలి. అంటే ‘ప’ను 64తో భాగిస్తే శేషం 1. ఫెర్మా మాటను పడగొట్టడానికి వాడింది ఫెర్మా సిద్ధాంతమే, అదీ ఆయన అదే ఏడాది ఉత్తరంలో రాసినది. పనిముట్టు ఆయన పెట్టెలోనే ఉంది, తియ్యలేదు.

ఇప్పుడు జాబితా ఎంత చిన్నదైపోయిందో చూడండి. 64తో భాగిస్తే 1 మిగిలే సంఖ్యలు 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే. అయిదో ప్రయత్నంలో దొరికిపోతుంది. తర్వాతి శతాబ్దంలో ల్యూకా అనే గణితజ్ఞుడు ఇంకొంచెం బిగించి 64 బదులు 128 వాడవచ్చని చూపించాడు. అప్పుడు 257, 641 రెండే మిగులుతాయి. 257 ఎలాగూ పక్క ముక్క, గోల్డ్‌బాక్ మాట ప్రకారం అది దీన్ని భాగించదు. మిగిలింది 641 ఒక్కటే.

పది అంకెల సంఖ్యను 641తో భాగించనక్కర్లేదు కూడా. 2⁸ = 256. దాని వర్గం 65536. ఇందులోంచి 641 × 102 = 65382 తీసేస్తే 154. 154 వర్గం 23716. ఇందులోంచి 641 × 36 = 23076 తీసేస్తే 640. అంటే 2³²ను 641తో భాగిస్తే 640 మిగిలింది. ఒకటి కలపండి, 641, నిశ్శేషం. రెండు వర్గాలు, రెండు తీసివేతలు. బస్సులో టికెట్ వెనక చేసేంత లెక్క. ఇంకా అందంగా కావాలంటే 641ను రెండు రకాలుగా రాయవచ్చు: 5 × 128 + 1, అలాగే 625 + 16. ఈ రెండూ కలిపితే లెక్క చేయకుండానే 2³² శేషం −1 అని వస్తుంది. దాన్ని మీకే వదిలేస్తున్నాను, పది నిమిషాలు పట్టదు.

భాగిస్తే రెండో ముక్క 6700417. ఇది ప్రధాన సంఖ్యేనని ఎలా నమ్మడం? చాలా పుస్తకాలు ఈ మెట్టు దాటేస్తాయి, నాకది నచ్చదు. దీని వర్గమూలం 2588 పైన, 2589 లోపు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య 4294967297ను కూడా భాగిస్తుంది కాబట్టి దానికీ 128 నియమం వర్తిస్తుంది. 2588 లోపు 128తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలు అయిదే: 257, 641, 769, 1153, 1409. భాగిస్తే వరసగా శేషాలు 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు. అయిదు భాగహారాలతో ఏడంకెల సంఖ్య ప్రధాన సంఖ్య అని పక్కాగా తేలింది. మీ పిల్లల చేత చేయించండి. శేషాలు నేను చెప్పినవే వస్తే వాళ్లకూ ధైర్యం వస్తుంది.

సంఖ్య పెద్దదైనంత మాత్రాన కష్టం కాదు, దాని రూపాన్ని బట్టే కష్టసుఖాలు ఉంటాయి అని నేను క్లాసులో అంటుంటే పిల్లలు నమ్మేవాళ్లు కాదు. అప్పుడు ఈ సంఖ్య ఇరుగుపొరుగును చూపించేవాణ్ణి. పక్కనే 18446744073709551616 ఉంది, అది 2⁶⁴, అందులో రెండ్లు తప్ప ఏమీ లేవు. ఆ పక్కది 18446744073709551617. కంటికి మూడూ ఒకటే, చివరి అంకె తప్ప తేడా లేదు. మొదటిది ఒక మధ్యాహ్నం పని, రెండోదానికి పనే లేదు. మూడోది మాత్రం 2⁶⁴ + 1. కూడిక గుర్తు రావడంతో వర్గాల భేదం సూత్రం అక్కడ పనిచేయదు. అది ఏడో ఫెర్మా సంఖ్య. దాన్ని 274177 × 67280421310721 అని లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన 1880లో ప్రకటించాడు, అప్పటికి ఆయన వయసు 82. క్లాసెన్ అనే ఆయన 1855లోనే గణితజ్ఞుడు గౌస్‌కు ఉత్తరంలో రాశాడు కానీ అది చాలాకాలం ఎవరి కంటా పడలేదు. ఆయిలర్ 641 దొరికించుకున్నాక లోకానికి ఈ జవాబు తెలియడానికి 148 ఏళ్లు పట్టిందన్నమాట. ఇక్కడ కూడా నియమం ఉంది, కారణాంకాన్ని 256తో భాగిస్తే 1 మిగలాలి. 274177 అంటే 1071 × 256 + 1. ఆయిలర్‌కు దారిలో అయిదు తలుపులు తడితే సరిపోయింది, ఇక్కడ వందల తలుపులు తట్టాలి. మన సంఖ్యకు కాస్త ఇవతల, 58 తక్కువలో, 18446744073709551557 ఉంది. 64 బిట్లలో పట్టే ప్రధాన సంఖ్యల్లో అదే అతి పెద్దది. ఒకే వీధి, నలుగురూ నాలుగు తీర్లు.

బ్యాంకు లావాదేవీల రహస్యాలు కాపాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో ఇదే ఆలోచనను తిరగేసి వాడతారు. అక్కడ ఏ రూపమూ లేని రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను ఏరి మరీ గుణిస్తారు, పట్టు దొరకకూడదని. 250 అంకెల అలాంటి సంఖ్య ఒకటి 2020లో విడిపోయింది, దానికి బోలెడన్ని కంప్యూటర్లు కావలసి వచ్చాయి. అదే 2ను 1024 సార్లు గుణించి ఒకటి తీసేస్తే మూడు వందల తొమ్మిది అంకెలు వస్తాయి, అయినా అందులో చాలా ముక్కలు ఇప్పుడే ఇక్కడ కూర్చుని చెప్పగలను. మీరూ చెప్పగలరు, పైన ఉన్న ఏడూ అందులో ఉన్నాయి.

మీరు ప్రోగ్రామర్ కాబట్టి ఇంకోటి. ఒక సంఖ్యలో ఎన్ని బిట్లు 1 ఉన్నాయో లెక్కపెట్టే పాత చిట్కా కోడ్ చూసే ఉంటారు. అందులో హెక్సాడెసిమల్‌లో (పదహార్ల లెక్కలో) 5555 5555 అంటూ పోయే మాస్క్ (కావలసిన బిట్లను ఏరే సంఖ్య) ఒకటి, 3333 3333 అంటూ పోయేది ఇంకోటి, ఆ తర్వాత 0ఎఫ్ 0ఎఫ్ అంటూ పోయేది మరోటి ఉంటాయి. వాటిని ఎవరో ఊరికే ఏరలేదు. 5555తో నిండినది బైనరీలో 010101…, అంటే ఒకటి విడిచి ఒకటి. దాన్ని 3తో గుణిస్తే, అంటే బైనరీలో 11తో గుణిస్తే, ఖాళీలన్నీ నిండి 64 ఒకట్లు అవుతాయి. కాబట్టి ఆ మాస్క్ మన సంఖ్యలో మూడో వంతు, 6148914691236517205. 3333తో నిండినది అయిదో వంతు, 3689348814741910323. 0ఎఫ్‌లది పదిహేడో వంతు. తర్వాతి రెండూ 257వ వంతు, 65537వ వంతు. ఆఖరిది, కింది 32 బిట్లే ఉన్న మాస్క్, 4294967297వ వంతు. ఆరు ఫెర్మా సంఖ్యలు, ఆరు మాస్కులు. గుణించి చూసుకోండి, ఒక్క గింజ కూడా తేడా రాదు. నేను దీన్ని ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకోలేదు. ఒక పూర్వ విద్యార్థి కోడ్ చూపించి ‘ఈ నంబర్లు ఎక్కడివి సార్’ అని అడిగితే ఇద్దరం కూర్చుని కనుక్కున్నాం. ఆ రోజు నాకు మంచి సంతోషం కలిగింది.

జ్యామితి గురించి కూడా అడిగారు కానీ దాన్ని ముట్టుకుని వదిలేస్తాను. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి గీయగల బేసి భుజాల క్రమ బహుభుజులు ఇప్పటికి తెలిసినవి 31. ఆ భుజాల లెక్కలన్నీ 4294967295 భాజకాలే, 1ని మినహాయించి. 17 భుజాలది గీయవచ్చని గౌస్ 1796లో చూపించాడు, అప్పుడాయనకు పందొమ్మిదేళ్లు కూడా నిండలేదు. 65537 తర్వాత ప్రధాన సంఖ్య అయిన ఫెర్మా సంఖ్య ఇంతవరకూ ఇంకొకటి దొరకలేదు, అందుకే ఆ 31 అక్కడే ఆగింది.

ఇప్పుడు పద్యం. మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథం గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరుతో ఇది ప్రచారంలో ఉంది. చంపకమాల. ఇందులో అంకెలను వస్తువుల పేర్లతో చెప్పారు, వీటినే భూతసంఖ్యలంటారు. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుడంటే 1, ఆకాశమంటే శూన్యం కాబట్టి 0. చదివే పద్ధతి కుడి నుంచి ఎడమకు, ‘అంకానాం వామతో గతిః’ అని చెప్తారు కదా, అది. అంటే పద్యంలో మొదటి మాట సంఖ్యలో చివరి అంకె.

మీ మామయ్యగారి పాఠం తీసుకుని ఒక్కో మాటే విప్పుదాం. శర అంటే మన్మథుడి బాణాలు, 5. శశి 1. షట్క 6. చంద్ర 1. మళ్లీ శర 5. సాయక అన్నా బాణమే, 5. రంధ్ర అంటే నవరంధ్రాలు, 9. వియత్తు ఆకాశం, 0. నగ అంటే కులపర్వతాలు, 7. అగ్ని 3, త్రేతాగ్నులు. భూధర మళ్లీ పర్వతమే, 7. గగన 0. అబ్ధి అంటే సముద్రం, నాలుగు దిక్కులా నాలుగు, 4. వేద 4. గిరి 7. తర్క 6, షట్తర్కాలు. పయోనిధి మళ్లీ సముద్రం, 4. పద్మజాస్య అంటే బ్రహ్మ ముఖాలు, 4. కుంజర అంటే అష్టదిగ్గజాలు, 8. తుహినాంశు అంటే చల్లని కిరణాలవాడు, చంద్రుడే, 1. ఇరవై మాటలు, ఇరవై అంకెలు. కింది నుంచి పైకి చదవండి: 1, 8, 4, 4, 6, 7, 4, 4, 0, 7, 3, 7, 0, 9, 5, 5, 1, 6, 1, 5. మీ స్క్రీన్ మీద వచ్చిందే. రెండు పాదాల్లో సంఖ్య అంతా పట్టించబోతే ఆ ఎనిమిది దగ్గర చోటు చాలలేదు, ‘కుం’ రెండో పాదం చివర ఆగి ‘జర’ మూడో పాదంలోకి వెళ్లింది. దిగ్గజం గుమ్మంలో ఇరుక్కున్నట్టు ఉంటుంది, నాకు ఆ చోట చదువుతుంటే నవ్వొస్తుంది.

సాయకమా సాగరమా అన్నదానికి కంప్యూటర్ జవాబు చూస్తే చాలు, నిజమే. కానీ కంప్యూటర్ లేని రోజుల్లో ఇలాంటి తగువు వస్తే ఎలా తేల్చాలి? ఛందస్సు తేల్చలేదు. సాయక, సాగర రెండూ గురువు, లఘువు, లఘువు. యతి కూడా సాయం చేయదు. చంపకమాలలో యతిస్థానం పదకొండో అక్షరం, అది సరిగ్గా ఆ ‘సా’ మీదే పడుతుంది. పాదం మొదటి ‘శ’తో దానికి మైత్రి ఉంది, రెండు మాటలకూ మొదటి అక్షరం అదే. అర్థం బట్టి చూద్దామంటే అక్కడ అర్థమే లేదు, వరసగా అంకెలు. పైగా సాగరమంటే 4 అని భూతసంఖ్యల్లో మామూలుగా వాడేదే కాబట్టి నాన్నగారి నోట అది తేలిగ్గా వచ్చి ఉంటుంది.

అందుకే పైన కారణాంకాల గురించి అంత చెప్పాను. ఈ సంఖ్య 3తో భాగించబడి తీరాలి. మామయ్యగారి పాఠంలో అంకెలన్నీ కూడితే 87, మూడుతో పోతుంది. సాయకం తీసి సాగరం పెడితే 86, పోదు. ఇంకో సాక్షి కావాలంటే 11ను పిలవండి. 2¹⁰ అంటే 1024ను 11తో భాగిస్తే 1 మిగులుతుంది కాబట్టి 2⁶⁴కు మిగిలేది 2⁴కు మిగిలేదే, 5. ఒకటి తీసేస్తే మన సంఖ్యకు 4 మిగలాలి. కుడి నుంచి మొదలుపెట్టి అంకెలను ఒకటి కూడుతూ ఒకటి తీస్తూ వెళ్లండి. సాయకంతో 37 వస్తుంది, 11తో భాగిస్తే 4. సాగరంతో 38, శేషం 5. రెండు సాక్ష్యాలూ ఒకవైపే ఉన్నాయి. 3తో పరీక్ష ఒక్కటే అయితే పక్క పక్క అంకెలు తారుమారైనా పట్టుకోలేదు, మొత్తం మారదు కదా. 11 వాటినీ పట్టుకుంటుంది. పద్యం కంఠస్థం చేసినవాళ్లు ఈ రెండూ చేసుకుంటే ఏ ఒక్క మాట నోరు జారినా చాలావరకు తెలిసిపోతుంది.

కాబట్టి మీ మామయ్యగారు చదివేదే సరి. తేడా పడిన చోటు కుడి నుంచి ఆరోది, లక్షల స్థానం. నాన్నగారి పాఠం ప్రకారం లెక్క కడితే రాజుగారికి సరిగ్గా ఒక లక్ష గింజలు మిగులుతాయి.